మార్త పడిన ‘తొందర’ జల్దీనా, ఆగమాగమా?

అందరికీ వందనాలు. మాది కాజీపేట. మంగళవారం స్త్రీల కూడికలో లూకా సువార్త 10వ అధ్యాయం చదువుతుంటే వచ్చిన సందేహం ఇక్కడ పెడుతున్నాను. యేసు మార్త, మరియల ఇంటికి వచ్చిన భాగం అది. చెల్లె మరియ ఆయన దగ్గర కూర్చుని మాట వింటుంటే, మార్త ఒక్కతే పనిలో ఉంటుంది. 40వ వచనం మన పాత అనువాదంలో “మార్త విస్తారమైన పని పెట్టుకొనుటచేత తొందరపడి” అని ఉంటుంది. చదువుతున్న ఇంటర్ అమ్మాయి అక్కడే ఆగి అడిగింది: “ఆంటీ, వంట తొందరగా చేస్తే తప్పేముంది? జల్ది అయిపోతే తను కూడా వచ్చి కూర్చోవచ్చు కదా?”

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఈ వచనం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాను, నేనూ రెండు మూడు సార్లు వాక్యం చెప్పాను. ప్రతిసారీ “హడావుడి వద్దు, నిదానంగా ఉండండి” అనే చెప్పుకున్నాం. అప్పుడు మూలన కూర్చున్న ఒక అవ్వ, బడి ముఖం చూడని మనిషి, అంది: “జల్ది కాదు బిడ్డా. ఆమె ఆగమాగమైంది. చేతులు పొయ్యికాడ, చెవులు బయట, కోపం చెల్లె మీద.”

ఇంటికొచ్చి రెండు రోజులు ఆ మాట వెనకే తిరిగాను. లూకాలోనే ఇంకో రెండు చోట్ల ఈ మాట ఉంది. 11:7లో అర్ధరాత్రి రొట్టెలు అడగడానికి వచ్చిన స్నేహితుడితో లోపలివాడు “నన్ను తొందరపెట్టవద్దు, తలుపు వేసియున్నది” అంటాడు. పిల్లలతో పడుకున్న మనిషిని ఎవరూ జల్ది చేయమనడం లేదు. సతాయించకు అంటున్నాడు. 18:5లో న్యాయాధిపతి కూడా “ఈ విధవరాలు నన్ను తొందరపెట్టుచున్నది” అంటాడు. అక్కడా వేగం ఊసే లేదు. కన్నడంలో ‘తొందరె’ అంటే ఇప్పటికీ ఇబ్బందే. తమిళంలో ‘తొందరవు’ అంటే ఇతరుల వల్ల కలిగే ఇబ్బంది. మన వాడుకలో మాత్రం ఆ అర్థం వెనక్కి పోయి వేగం ముందుకొచ్చింది. అమ్మాయి అడిగింది న్యాయమే. తనకు తెలిసిన తెలుగులో ఆ వచనానికి వేరే అర్థం రాదు.

గ్రీకులో 40వ వచనంలో ఉన్న క్రియ ‘పెరిస్పావో’. ‘పెరి’ అంటే చుట్టూ, ‘స్పావో’ అంటే లాగడం, గుంజడం. గెత్సేమనేలో ఒకడు కత్తి దూశాడని మార్కు 14:47లో చెప్పేటప్పుడు వాడింది ఈ ‘స్పావో’నే. అంటే మార్తను పనులు నాలుగు దిక్కులా గుంజుతున్నాయి. ఇక నాకు చాలా సంతోషం కలిగించిన సంగతి. 1 కొరింథీ 7:35లో పౌలు “తొందర యేమియు లేక ప్రభువు సన్నిధానవర్తనులై” ఉండమంటాడు. అక్కడి గ్రీకు మాట ‘అపెరిస్పాస్తోస్’, అదే క్రియ నుంచి పుట్టి ‘అ’ చేరి కాదనే అర్థం తెచ్చుకున్నది. రెండు చోట్లా మన అనువాదకులు ‘తొందర’నే వాడారు. వాళ్లు పొరపాటు పడలేదు, పాత తెలుగులో అది సరిగ్గా సరిపోయే మాట.

ఇంకొకటి. ‘విస్తారమైన పని’ అన్నచోట గ్రీకులో ఉన్న మాట ‘దియాకొనియా’. అపొస్తలుల కార్యములు 6:4లో ‘వాక్యపరిచర్య’ అన్నప్పటి పరిచర్య కూడా అదే. మార్తను గుంజింది చెడ్డ పని కాదు, ప్రభువు కోసం చేస్తున్న వంటే. ఇది నాకు గుచ్చుకుంది. క్రిస్మస్ ముందు నెలంతా నాకు పాటల ప్రాక్టీసు, ప్రేమవిందు సరుకులు, సండే స్కూల్ పిల్లల డ్రెస్సులు. గుడి పనిలోనే ఉన్నాను కదా అనుకుంటూ వారాల తరబడి మోకాళ్లూనని రోజులు ఉన్నాయి.

ఇప్పుడు అడిగేది: ఈ ‘తొందర’కు ఇప్పటి పిల్లలకు అర్థమయ్యే మాట ఏది? ‘ఆగమాగం’ రాస్తే మన వరంగల్ దాటి అర్థమవుతుందా?

హన్మకొండ నుంచి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు:

అమ్మా, మంచి సంగతి ఎత్తారు. ‘పరధ్యానం’ చూడండి. పర, ధ్యానం. ధ్యానం ఆగలేదు, వేరేదాని మీదికి పోయింది. ప్రార్థనకు కూర్చుని కరెంటు బిల్లు తలుచుకునే మనిషికి ఇంతకంటే సరైన మాట లేదు.

అలాగే 41వ వచనంలో “విచారము కలిగి” అన్నది కూడా మీ పిల్లలకు చెప్పండి. ఇప్పుడు విచారం అంటే దుఃఖం అనుకుంటున్నారు. అసలు అది ఆలోచన. లూకా 12:24లోనే “కాకుల సంగతి విచారించి చూడుడి” అని ఉంది, అంటే కాకుల కోసం ఏడవమని కాదు కదా. ఆ ఆలోచన ఒడ్డు దొరక్క తిరిగితే అది మన ‘ఇచారం’ అవుతుంది. “బిడ్డ పెండ్లి ఇచారం పట్టుకుంది” అంటారు చూశారా, అదీ మార్త విచారం. మత్తయి 13:22లో వాక్యాన్ని అణచివేసే ‘ఐహికవిచారము’ కూడా ఇదే. మన ఊళ్ల మాటలో ఆ అర్థం చెక్కుచెదరలేదు.

నేను:

మాస్టారూ, ‘ఇచారం’ నాకు తట్టనే లేదు, చాలా థ్యాంక్స్. ‘పరధ్యానం’ మీద మాత్రం కొంచెం పట్టింపు ఉంది. అది కూర్చున్న మనిషికి సరిపోతుంది. మార్త కూర్చోనే లేదు. పరధ్యానంలో ఉన్నవాళ్లు మౌనంగా ఉంటారు, ఆగమైనవాళ్లు ఎదుటివాళ్లను అంటారు. మార్త చెల్లెను అంది, ప్రభువును కూడా “నీకు చింతలేదా?” అని నిలదీసింది.

ఏనుమాముల మార్కెట్‌లో గుమస్తాగా చేసే ఒక తమ్ముడు:

అక్కా, నాకు గ్రీకు తెల్వదు కానీ ఆ గుంజుడు తెలుసు. పత్తి సీజన్‌లో తెల్లారకముందే రైతుల ఫోన్లు, అడ్తి సేటు ఫోన్లు. బైబిల్ కూడా ఫోన్‌లోనే చదువుతా. ఒక వచనం అయ్యేలోపు పైనుంచి మెసేజ్ జారుతుంది, వేలు దాని మీదికే పోతుంది. ఆమెన్ అన్నాక చూసుకుంటే ఏం చదివానో సోయి ఉండదు. “నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి” ప్రార్థించమని మత్తయి 6:6లో ఉంది. మాది ఒకటే అర్ర, ఐదుగురం. నేను ఎక్కడికి పోవాలి?

నేను:

తమ్ముడూ, ఆ ‘గది’కి గ్రీకులో ‘తమెయొన్’ అని ఉంది. అది సరుకు దాచుకునే లోపలి అర్ర. మాస్టారు చెప్పిన కాకుల వచనంలోనే “గరిసె లేదు” అన్నచోట ఉన్న మాట అది. అంటే ప్రభువు ప్రత్యేకంగా కట్టిన ప్రార్థన గది అడగలేదు, బియ్యం బస్తాల పక్క చోటైనా చాలు. మా అత్తమ్మ రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు గోడ వైపు తిరిగి కొంగు తల మీద కప్పుకుని ప్రార్థించేది. ఇంట్లో లొల్లి నడుస్తూనే ఉండేది, ఆమెను ఎవరూ పిలిచేవాళ్లం కాదు. నువ్వు మాత్రం కాగితం బైబిల్ ఒకటి తెచ్చుకో, ఫోన్ బయట బండి డిక్కీలో పెట్టు. ఒక వారం చేసి ఇక్కడే రాయి, నేను ఎదురుచూస్తాను.

కరీంనగర్ నుంచి ఒక అక్క:

కీర్తన 46:10 కూడా కలపండి. “ఊరకుండుడి నేనే దేవుడనని తెలిసికొనుడి”. హెబ్రీలో అక్కడి మాటకు పట్టు వదలడం, చేతులు సడలించడం అని అర్థం. ‘ఊరకుండుడి’ అంటే మందలింపులా వినిపిస్తుంది. మన దిక్కు ఏడ్చే పిల్లను ఒళ్లో వేసుకుని “ఊకో బిడ్డా, ఊకో” అంటాం. నేను ఆ కీర్తనను అలాగే వింటాను.

నేను:

అక్కా, ఇది చదివి కళ్లు చెమర్చాయి. నిన్న అవ్వ దగ్గరికి పోయి 41వ వచనాన్ని ఆమె మాటల్లో చెప్పమన్నాను. ఆమె చెప్పింది ఉన్నదున్నట్టు రాసుకున్నాను: “మార్తా, మార్తా, గిన్ని పనులు నెత్తిన వెట్టుకొని, ఇచారం వెట్టుకొని, ఎందుకు ఆగమాగమైతున్నవ్ బిడ్డా? కావాల్సింది ఒక్కటే.”

మూలంలో ‘బిడ్డా’ లేదు. కానీ పేరు రెండు సార్లు పిలవడం ఉంది. సౌలా సౌలా అన్నట్టు, సీమోనూ సీమోనూ అన్నట్టు. ఆ రెండో పిలుపులోని ప్రేమనే అవ్వ ‘బిడ్డా’ చేసిందని నాకనిపిస్తుంది. వచ్చే మంగళవారం ఆ అమ్మాయి చేత ఇదే చదివిస్తాను. ‘బిడ్డా’ ఉంచమంటారా, తీసేయమంటారా?