తాపీ మేస్త్రీకి సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలా? (ఒక చర్చ; ప్రతి మాట పైన ఉన్నది అది రాసినవాళ్లు పెట్టుకున్న పేరు)

గట్టు పక్క ఇల్లు (రాజమహేంద్రవరం)

మూడేళ్ల కిందట మా ఇంటికి గ్రౌండ్ ఫ్లోర్ స్లాబ్ పోయించాను. మొన్న వానలకు వంటగది మూల చెమ్మ పట్టి పెచ్చు ఊడింది. లోపల ఇనుము తుప్పుపట్టి బయటికి కనిపిస్తోంది. చూడటానికి వచ్చిన ఇంజినీరు రెండే ప్రశ్నలు అడిగారు. ఊచల కింద కవర్ బ్లాకులు (ఊచను షీటుకు తగలకుండా ఎత్తి ఉంచే చిన్న దిమ్మలు) పెట్టారా? కాంక్రీటులో నీళ్లు ఎన్ని పోశారో ఎవరైనా లెక్క చూశారా? రెండింటికీ నా దగ్గర జవాబు లేదు.

మా మేస్త్రీకి 22 ఏళ్ల అనుభవం ఉంది. ఆయన కట్టిన గోడకు గుండు వేసి చూస్తే ఎక్కడా వంక కనబడదు. మోసం చేసే మనిషి కాదు. మాలు జారుగా ఉంటే త్వరగా పరుచుకుంటుందని నీళ్లు ఎక్కువ పోయించాడు. ఆయన గురువు అలాగే చేసేవాడట, ఈయనా అదే నేర్చుకున్నాడు.

ఆటో నడపాలంటే లైసెన్సు కావాలి. కరెంటు వైరింగ్ చేసేవాళ్లకు పర్మిట్ ఉంది. ఇంటిల్లిపాదీ కింద పడుకునే స్లాబ్ పోసేవాళ్లకు మాత్రం ఏ పరీక్షా లేదు. హైదరాబాద్ మాదాపూర్ దగ్గర నిర్మాణ పనులు నేర్పే న్యాక్ సంస్థ 1998 నుంచి ఉంది, ఐటీఐలు ఉన్నాయి, నేర్పేవాళ్లు ఉన్నారు. కోర్సు చేసి పరీక్ష పాసైన తాపీ మేస్త్రీ, ఊచలు వంచి కట్టే బార్ బెండర్, సెంట్రింగ్ మేస్త్రీలే పని చేయాలని రూలు పెట్టాలంటాను. పై అంతస్తు వేయబోతున్నాను కాబట్టి ఇది నాకు ఊరికే మాట్లాడుకునే విషయం కాదు.

తాపీ మేస్త్రీ కొడుకు (శ్రీకాకుళం జిల్లా)

మీ ఇంటికి జరిగిన నష్టానికి బాధగా ఉందండి. కానీ రూలుకు నేను ఒప్పుకోను.

మా నాన్న 35 ఏళ్లుగా తాపీ పని చేస్తున్నారు. మూడో తరగతితో బడి మానేశారు. మూడు నెలల కోర్సుకు వెళ్లి కూర్చుంటే ఆ మూడు నెలలు ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? రోజుకు వెయ్యి రూపాయల కూలి ఆగిపోతుంది. ఉచితంగా నేర్పుతామంటారు. ఆయన పోగొట్టుకునే కూలి లెక్కలోకి తీసుకుంటే అది ఉచితం కాదు.

రూలు వస్తే ముందుగా దెబ్బ తినేది పొద్దున్నే అడ్డా మీద నిలబడేవాళ్లు. పని ఎలాగూ వాళ్లతోనే చేయిస్తారు, ‘నీకు కాగితం లేదు కదా’ అని కూలి మాత్రం తగ్గిస్తారు. కాగితం ఇప్పిస్తానని డబ్బు తీసుకునే మధ్యవర్తి కూడా ఆ పక్కనే తయారవుతాడు.

ఇంకో మాట. కోపం తెచ్చుకోకండి. స్లాబ్ పోసిన రోజు మీ సైట్‌లో ఇంజినీరు ఉన్నారా? ఆ రోజుకు ఆయనకు ఫీజు ఇచ్చారా?

గట్టు పక్క ఇల్లు

లేరు. ప్లాను గీయించుకుని, సంతకం పెట్టించుకుని, అక్కడితో వదిలేశాను. డబ్బు మిగులుతుందనుకున్నాను. ఆ తప్పు నాదే.

స్లాబ్ రోజు (విజయవాడ, సైట్ ఇంజినీర్)

పదకొండేళ్లుగా సైట్‌లో ఉన్నాను. ఇళ్ల పనుల్లో నాకు మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు నాలుగైదే. అవేమిటో చెబితే కోర్సు ఎంత పెద్దది కావాలో తేలుతుంది.

మొదటిది నీళ్లు. సిమెంటు బరువులో నీళ్ల నిష్పత్తి 0.5 అనుకుంటే 50 కిలోల బస్తాకు 25 లీటర్లు. ఇసుక తడిగా ఉంటే ఆ తడిని కూడా ఇందులోంచే తీసేయాలి. మన దగ్గర పైపు వదిలి కంటితో చూసుకుంటూ కలుపుతారు. ఎక్కువైన నీళ్లు తర్వాత ఆవిరై పోతాయి, అవి ఉన్న చోట సన్నని ఖాళీలు మిగులుతాయి. వాన నీళ్లు లోపలికి దిగేది వాటిలోంచే.

రెండోది కవర్, అంటే ఊచ మీద ఉండాల్సిన కాంక్రీటు మందం. మామూలు పరిస్థితుల్లో స్లాబ్‌కు 20 మిల్లీమీటర్లు, పిల్లర్లకు 40. కవర్ బ్లాకులు లేకపోతే ఊచ సెంట్రింగ్ షీటుకు ఆనుకుని ఉండిపోతుంది. మీ వంటగదిలో జరిగింది ఇదే అనుకుంటున్నాను.

మూడోది నీళ్లు కొట్టడం. మనం ఇళ్లకు ఎక్కువగా వాడేది పీపీసీ (బూడిద లాంటివి కలిపిన) సిమెంటు. దానికి కనీసం 10 రోజులు తడి ఆరకూడదు. మన ఎండలకు 14 రోజులని కాంక్రీటు పనికి దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. మూడో రోజుకే ఇటుకలు పైకి ఎక్కించే సైట్లు ఎన్నో చూశాను. నాలుగోది పిల్లర్ ఊచల చుట్టూ కట్టే రింగుల కొనలు. 90 డిగ్రీలకు వంచి వదిలేస్తారు. 135 డిగ్రీలకు వంచి పిల్లర్ లోపలికి తిప్పాలి. భూకంపం వచ్చినప్పుడు రింగు విప్పుకోకుండా పట్టి ఉంచేది ఆ వంపే.

వీటిలో ఏదీ మూడు నెలల పాఠం కాదు. చేతిలో పని ఉన్న మేస్త్రీకి ఒక్కోటి అరపూట చాలు. కాకపోతే చెప్పి వదిలేయకూడదు, చూపించాలి. ఒకే కంకర, ఒకే సిమెంటుతో రెండు రకాలుగా కలిపించి, ఒకదానిలో నీళ్లు ఎక్కువ పోయించి, 150 మిల్లీమీటర్ల క్యూబులు (పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మలు) పోయించి, 28 రోజుల తర్వాత మేస్త్రీ కళ్ల ముందే మిషన్‌లో నలిపించాలి. ఏది ముందు పగిలిందో ఒకసారి చూసిన మేస్త్రీ మళ్లీ నీళ్ల పైపు జోలికి పోడు. నేను ఇలా చేయించి చూశాను.

కోర్సుల మీద నాకున్న బాధ కూడా చెప్పాలి. మా సైట్‌కు ఒకసారి ఒక శిక్షణ సంస్థ వాళ్లు వచ్చారు. పని తెలిసినవాళ్లకు చిన్న క్లాసు, పరీక్ష, సర్టిఫికెట్ అన్నారు. హెల్మెట్లు పెట్టి ఫొటోలు తీశారు, నలభై మందికీ కాగితాలు ఇచ్చారు. ఒక్కరు కూడా ఫెయిల్ కాలేదు. వాళ్లకు వచ్చిన పనినే ఒకసారి చూసి వెళ్లిపోయారు. రాని పని ఏమిటో అడగలేదు, నేర్పలేదు. ఇలాంటి కాగితాన్ని తప్పనిసరి చేస్తే మీ స్లాబ్‌కు ఏం మేలు జరుగుతుంది?

ఓరుగల్లు బిల్డర్

నేను చిన్న కాంట్రాక్టర్ని. ఇద్దరు కుర్రాళ్లకు దగ్గరుండి నేర్పించాను, కోర్సుకూ పంపాను. ఏడాది తిరగకుండా పెద్ద కంపెనీకి వెళ్లిపోయారు. వాళ్లను తప్పు పట్టను, అక్కడ జీతం ఎక్కువ. కానీ నా దగ్గరకు వచ్చే ఇంటి ఓనర్లు అడిగేది ఒక్కటే, చదరపు అడుగుకు ఎంత? మీ మేస్త్రీలు ఎక్కడ నేర్చుకున్నారని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. నేర్చుకున్నవాడికి వంద రూపాయలు ఎక్కువ ఇస్తానంటే ఆ వంద నా జేబులోంచే పోతోంది.

తెలుగువాడు సింగపూర్‌లో

వంద రూపాయల మాట వచ్చింది కాబట్టి ఇక్కడి పద్ధతి చెబుతాను. నేను ఇక్కడ తొమ్మిదేళ్లుగా ఫార్మ్‌వర్క్ (మన సెంట్రింగ్) పనిలో ఉన్నాను. మాది కరీంనగర్ వైపు.

ఇక్కడ భవన నిర్మాణంలోకి రావాలంటే ముందు మన దేశంలోనే టెస్ట్ సెంటర్‌లో చేతి పని పరీక్ష పాసవ్వాలి. దిగాక సేఫ్టీ కోర్సు పాసవ్వాలి. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. విదేశీ పనివాడిని పెట్టుకున్నందుకు కంపెనీ ప్రభుత్వానికి నెలనెలా లెవీ కట్టాలి. 2024 నుంచి మనలాంటి దేశాల వాళ్లలో మామూలు స్థాయి పనివాడికి ఆ లెవీ నెలకు 900 సింగపూర్ డాలర్లు, పై స్థాయి నైపుణ్యం ఉన్నవాడికి 500. తేడా 400 డాలర్లు. అందుకే మా సూపర్‌వైజర్ ‘కోర్సుకు ఎప్పుడు వెళ్తావు’ అని నా వెంట పడ్డాడు. నేర్చుకోవడం వల్ల కంపెనీకి లాభం ఉంది, కాబట్టి నేర్పించింది.

చెడు కూడా ఉంది. ఆ మొదటి పరీక్ష కోసం ఊళ్లో అప్పు చేశాను. ఏజెంటుకు కట్టింది తీర్చడానికి ఏడాది పైనే పట్టింది. తప్పనిసరి అన్న మాట చుట్టూ మధ్యవర్తులు చేరతారని శ్రీకాకుళం తమ్ముడు అన్నది అక్షరాలా నిజం.

గట్టు పక్క ఇల్లు

ఈ లెవీ సంగతి నాకు తెలియదు. మేస్త్రీని బలవంతం చేసే కంటే పని ఇచ్చేవాడికి లాభం చూపించడమన్నమాట.

గమేళా మోసిన అమ్మ కూతురు (అనంతపురం)

ఇంతమంది మాట్లాడారు, మేస్త్రీ అనగానే అందరికీ మగమనిషే కనిపించాడు. నాకు కోపంగా ఉంది, అందుకే రాస్తున్నాను.

మా అమ్మ పద్దెనిమిదేళ్లు గమేళాలు మోసింది. మాలు కలిపింది, ఇటుకలు అందించింది, కొత్త గోడలకు నీళ్లు కొట్టింది. ఆమెతో పాటే హెల్పర్‌గా చేరిన అబ్బాయిలు నాలుగేళ్లలో మేస్త్రీలయ్యారు. మధ్యాహ్నం మేస్త్రీ భోజనానికి కూర్చున్నప్పుడు వాళ్లు తాపీ పట్టుకుని రెండు వరసలు కట్టేవాళ్లు, నేర్చుకునేవాళ్లు. అమ్మ పట్టుకుంటే ‘నీకెందుకమ్మా’ అని తీసేసుకునేవాళ్లు. పద్దెనిమిదేళ్ల తర్వాత కూడా హెల్పర్ కూలే. సైట్‌లోనే పని వస్తుంది, కోర్సులెందుకు అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే. సైట్ అందరికీ నేర్పదు.

కేరళలో కుటుంబశ్రీ అనే ప్రభుత్వ మహిళా సంఘాల పథకం ఆడవాళ్లకు తాపీ పని నేర్పించి, వాళ్ల గుంపులతోనే ఇళ్లు కట్టించింది. జార్ఖండ్‌లో మరుగుదొడ్ల పథకం కోసం నేర్పితే వేలమంది ఆడవాళ్లు మేస్త్రీలయ్యారు, వాళ్లను రాణీ మిస్త్రీలంటారు. వాళ్లలో చాలామంది అంతకుముందు మా అమ్మలాగా మట్టి మోసినవాళ్లే. తాపీ పట్టుకునే హక్కు వాళ్లకు ఆ శిక్షణ వల్లే వచ్చింది. కోర్సు వద్దంటే మా అమ్మలాంటి వాళ్లకు ఉన్న ఒక్క తలుపూ మూసేసినట్టే.

తాపీ మేస్త్రీ కొడుకు

అక్కా, ఇది నాకు తట్టలేదు. మా నాన్న ముఠాలో కూడా ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, వాళ్లు ఎప్పటికీ తట్ట మోసేవాళ్లే. కోర్సులు వద్దని నేను అనను. కాగితం లేనివాడి నోటి దగ్గర కూడు తీయొద్దు అంటాను.

పాత ఇంజినీరు (విశాఖపట్నం)

పబ్లిక్ వర్క్స్‌లో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. చర్చ అంతా తాపీ మేస్త్రీ చుట్టూ తిరుగుతోంది కాబట్టి ఒక దుర్ఘటన గుర్తు చేస్తాను. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది మన ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కూలీలు. విచారణలో ప్రధానంగా తేలింది ఏమిటి? బరువు మోయలేని పిల్లర్లు. గమేళా మోసేవాళ్లూ తాపీ పట్టేవాళ్లూ చేసిన తప్పు కాదది. డిజైన్ దగ్గర, దాన్ని తనిఖీ చేసి అనుమతి ఇచ్చే దగ్గర జరిగింది. చనిపోయింది మాత్రం తాపీ పట్టినవాళ్లు.

ఆర్కిటెక్టులకు 1972 నుంచి కేంద్ర చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పేరు పెట్టుకోకూడదు. సివిల్ ఇంజినీర్లకు దేశమంతటికీ వర్తించే అలాంటి చట్టం లేదు. మున్సిపాలిటీలు తమ లైసెన్సులు ఇస్తాయి, అంతవరకే. బీటెక్ పాసై, ఒక్క స్లంప్ పరీక్ష (కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసేది) కూడా స్వయంగా చేయని పిల్లలు సైట్‌కు వస్తున్నారు. తప్పనిసరి కోర్సు, పరీక్ష అంటూ మొదలుపెడితే సంతకం పెట్టేవాళ్లతో మొదలుపెట్టాలి. తర్వాత కాంట్రాక్టరు, ఆ తర్వాత మేస్త్రీ.

కూలి పోతుందన్న మాటకు కూడా దారి ఉంది. 1996లో వచ్చిన భవన నిర్మాణ కార్మికుల చట్టాలతో నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు మొదలైంది. అది కార్మికుల డబ్బు. వేల కోట్లు ఖర్చు కాకుండా పడి ఉన్నాయని 2018లో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. నేర్చుకునే రోజులకు పూర్తి కూలి అందులోంచి ఇవ్వాలి. క్లాసు సైట్ దగ్గరే పెట్టాలి. అప్పుడు మేస్త్రీలను ఎవరూ బలవంతపెట్టక్కర్లేదు.

స్లాబ్ రోజు

సార్ చెప్పిన వరస సరైనదే. నాకే చూడండి, రింగుల వంపు ఎందుకు 135 డిగ్రీలో కాలేజీలో చదివాను, కానీ దాన్ని ఎలా వంచుతారో నాకు చూపించింది గుంటూరు బార్ బెండర్ ఒకాయన. ఆయనకు చదవడం రాదు. మంచి కోర్సులో ఆయన శిక్షకుడి కుర్చీలో ఉండాలి. ఐటీఐ పాసైనవాళ్లతోనే తాపీ నేర్పించాలనుకోవడం వల్ల చాలా కోర్సుల్లో పాఠం వినిపిస్తుంది గానీ పని కనిపించదు.

ఓరుగల్లు బిల్డర్

కూలి సెస్సులోంచి వస్తే రేపే నా ఎనిమిది మందినీ పంపిస్తాను. అది రాత మీద చూసేదాకా నమ్మలేను.

గట్టు పక్క ఇల్లు

వారం తర్వాత మళ్లీ రాస్తున్నాను. అందరికీ సర్టిఫికెట్ తప్పనిసరి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. సంతకం పెట్టే ఇంజినీరుకు, కాంట్రాక్టరుకు ఉండాలి అన్నదానిలో మాత్రం మార్పు లేదు.

పై స్లాబ్‌కు పాత మేస్త్రీనే పిలిచాను. వంటగది మూల చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ఇన్నేళ్లలో నా పని పాడైందని వెనక్కి పిలిచి చూపించినవాళ్లు లేరు బాబూ’ అన్నాడు. స్లాబ్ రోజుకు ఇంజినీరును ఫీజు ఇచ్చి కుదుర్చుకున్నాను. అంతకుముందు ఒక పూట ముఠా మొత్తానికి కూలి ఇచ్చి కూర్చోబెడతాను, ఆయన నీళ్ల లెక్క, కవర్ బ్లాకులు చూపిస్తారు. ముఠాలో ఉన్న ముగ్గురు ఆడవాళ్లూ కూర్చుంటారు, అనంతపురం చెల్లెలు రాసింది చదివాకే ఆ మాట అడిగాను. క్యూబులు పోయిస్తున్నాం. 28 రోజుల తర్వాత ల్యాబ్‌కు వెళ్లేటప్పుడు తననూ తీసుకెళ్లమని మేస్త్రీ అడిగాడు. ఆ రోజు కూలి ఎంత ఇమ్మంటావంటే, వద్దు, చూస్తే చాలన్నాడు. నేను ఇస్తాను.