మెడికల్ షాపు కిట్ రెండుసార్లు వాడాను, దురద మళ్లీ వచ్చింది. ఇది సుఖవ్యాధేనా?

పికో ఫాల్స్:
నా వయసు 43. తణుకులో ఇంట్లోనే ఫాల్స్, పికో కుడతాను. మూడు నెలలుగా తెల్లబట్ట, కింద విపరీతమైన దురద. గంటసేపు మిషను మీద కూర్చుంటే ప్రాణం పోతోంది. వేడి చేసిందన్నారు, సబ్జా గింజలు తాగాను. చివరికి మెడికల్ షాపులో సిగ్గు విడిచి చెబితే ఆ అబ్బాయి నాలుగు మాత్రల కిట్ ఇచ్చి ఒకేరోజు మింగమన్నాడు. వారం తగ్గి మళ్లీ మొదలైంది. రెండోసారీ అదే కిట్. మింగిన రోజు రాత్రి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాక తేరుకున్నాను.

మా ఆయన ఆ కిట్ పేరు ఫోన్లో వెతికితే సుఖవ్యాధులకని వచ్చిందట. ఆరోజు నుంచి మాటల్లేవు. ఆయనకీ ఎర్రగా పొక్కింది మరి. గుమ్మం దాటని మనిషిని, నాకెలా వస్తుంది? డాక్టర్ దగ్గరికెళ్తే ఏం చేస్తారో అని అదొక టెన్షన్.

స్లైడు సుబ్బులు:
అక్కా, నేను ప్రభుత్వాసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ని. రెండు సంగతులు చెప్పు. నీచు వాసన ఉందా? షుగర్ ఉందా, ఉంటే ఏ మాత్రలు?

పికో ఫాల్స్:
వాసనేం లేదు. విరిగిన పాలలా ముద్దముద్దగా అవుతోంది. షుగర్ నాలుగేళ్లుగా ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర. సంక్రాంతి తర్వాత డాపాగ్లిఫ్లోజిన్ అని ఇంకోటి కలిపారు. దానికీ దీనికీ సంబంధం ఏముంది?

స్లైడు సుబ్బులు:
చాలా ఉంది. ఒంట్లో ఎక్కువైన చక్కెరను మూత్రంలోకి తోసెయ్యడమే ఆ కొత్త మాత్ర పని. తీపి దొరికిన చోట ఈస్ట్ అనే ఫంగస్ పెరుగుతుంది. అది అందరి ఒంట్లోనూ కాస్తో కూస్తో ఉండేదే, దాన్ని సుఖవ్యాధి అనరు. మీ ఆయనకి పొక్కినదీ అదే కావచ్చు, కానీ ఆయన్నీ చూడాలి. మాత్ర మాత్రం నీ అంతట నువ్వు ఆపకు, రాసిన డాక్టర్నే అడుగు.

ఆ కిట్‌లో ఉండేవి అజిత్రోమైసిన్, సెక్నిడజోల్, ఫ్లూకోనజోల్. ఏది తగిలితే అది తగులుతుందని మూడు రాళ్లు ఒకేసారి విసరడం. నీకు పనికొచ్చింది ఈస్ట్‌ని చంపే ఫ్లూకోనజోల్ ఒక్కటే అయ్యుంటుంది. అజిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్ మంచి బ్యాక్టీరియానీ చంపి ఈస్ట్‌కి చోటిస్తుంది. చేతులు వణికాయన్నావే, అది నన్ను భయపెట్టింది. గ్లిమెపిరైడ్ మీద ఫ్లూకోనజోల్ పడితే షుగర్ బాగా పడిపోవచ్చు. షాపులో ఎవరైనా అడిగారా నువ్వేం మాత్రలు వాడుతున్నావని?

పరీక్షకి భయపడకు. లోపల చూడ్డానికి స్పెక్యులం అనే పరికరం పెట్టి, దూదిపుల్లతో కొంచెం స్రావం తీస్తారు. ఆమ్లత్వం చూపించే పీహెచ్ కాగితం మీద రాస్తే ఈస్ట్‌లో మామూలుగానే, అంటే 4.5 లోపే ఉంటుంది. బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌లో (లోపలి బ్యాక్టీరియా సమతూకం తప్పడం), ట్రైకోమొనాస్ అనే సూక్ష్మక్రిమి సోకినప్పుడు అంతకంటే పెరుగుతుంది. స్లైడు మీద ఒక చుక్క సెలైన్, ఇంకోదానిమీద 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్. రెండోది పడగానే నీచు వాసన గుప్పుమంటే వెజైనోసిస్ అనుమానిస్తాం. ట్రైకోమొనాస్ క్రిములు ఈదుతూ కనిపిస్తాయి, కానీ స్లైడు వెంటనే చూడాలి, చల్లబడితే కదలడం మానేస్తాయి. అది వస్తే మాత్రం నిజంగా సుఖవ్యాధే, భార్యాభర్తలిద్దరూ మందు వాడాలి. గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులు ఈ స్లైడులో తెలియవు, వాటికి వేరే పరీక్ష ఉంది. పొత్తికడుపు నొప్పి, జ్వరం ఉంటే ఒక్కరోజు కూడా ఆగొద్దు.

పెద్దాసుపత్రిలో ఇలాంటి జబ్బులు చూసే సురక్ష క్లినిక్ ఎక్కడని అడుగు. అక్కడ పరీక్షలూ మందులూ ఉచితం.

కూకట్‌పల్లి కోడలు:
నాది దీనికి తిరగేసిన కథ. నాకు నీచు వాసనే, దురద లేదు. ఏడాదిపాటు దురద క్రీము కొనుక్కుని రాశాను, పైగా యాంటీసెప్టిక్‌తో లోపలిదాకా కడిగాను. అది తేలింది వెజైనోసిస్. మెట్రోనిడజోల్ ఏడు రోజులు వాడితే పోయింది. ఆ కడగడం వల్లే ఎక్కువైందని డాక్టరమ్మ బాగా తిట్టింది.

స్లైడు సుబ్బులు:
తిట్టాల్సిందే. వెజైనోసిస్ తిరగబెట్టడం మామూలు. 2025లో ఆస్ట్రేలియా పరిశోధన ఒకటి వచ్చింది. భర్తకీ మాత్రలు, క్రీము ఇచ్చిన చోట 12 వారాల్లో 35 శాతం మందికి తిరగబెట్టింది, భార్యకే ఇచ్చిన చోట 63 శాతం మందికి.

పికో ఫాల్స్:
మంగళవారం వెళ్లాను. స్లైడులో ఈస్ట్ ఒక్కటే కనిపించిందన్నారు. మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 9.4 శాతం, ఎక్కువే. హెచ్ఐవీ పరీక్ష, సిఫిలిస్‌కి చేసే వీడీఆర్ఎల్ పరీక్ష కూడా చేశారు, రెండూ లేవు. గ్లిమెపిరైడ్ సంగతి చెప్పాను, అందుకని నోటి మాత్ర కాకుండా క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునేవి ఇచ్చారు. ఆయనకీ క్రీము. డాపాగ్లిఫ్లోజిన్ ప్రస్తుతానికి షుగర్ డాక్టరు ఆపారు. ఆయన బయట బెంచీ మీద కూర్చుని రిపోర్టు రెండుసార్లు చదివాడు. తర్వాత "టీ తాగుతావా?" అన్నాడు. చక్కెర లేకుండా తాగాను.