సెప్టోప్లాస్టీలో (ముక్కు మధ్య గోడను సరిచేసే ఆపరేషన్) ఫ్లాప్ (గోడ మీంచి లేపిన పొర) చిరగకుండా చెయ్యి తిరగాలంటే ఎలా సాధన చేయాలి?

ప్రశ్న (ఈఎన్‌టీ పీజీ, మొదటి ఏడాది)
సీనియర్లకు నమస్కారం. స్పర్ (గోడ నుంచి పక్కకు పొడుచుకొచ్చిన గట్టు) దగ్గరే ఫ్లాప్ ఎక్కువగా చిరుగుతుందంటారు, ఎందుకు? కేసు చేతికి వచ్చేలోపు ఏది ముందు నేర్చుకోవాలి? మేక తల మీద సాధన పనికొస్తుందా?

జవాబు (సీనియర్ రెసిడెంట్)
చిరుగు కనబడేది స్పర్ దగ్గరైనా, తప్పు చాలాసార్లు కోత దగ్గరే మొదలవుతుంది. పెరికాండ్రియం (మృదులాస్థిని అంటుకుని ఉండే పొర) కిందికి దిగితే మృదులాస్థి నీలిఛాయతో తెల్లగా మెరుస్తుంది, ఫ్రీర్ ఎలివేటర్ (పొరను లేపే పనిముట్టు) మొనకు గరగరమని తగులుతుంది, రక్తం దాదాపు రాదు. ఇంకా గులాబీరంగే కనిపిస్తూ, రక్తం ఊరుతూనే ఉంటే మీరు పైపొరలోనే ఉన్నారు. ముందుకు తోయకండి. 15 నంబర్ బ్లేడుతో మృదులాస్థి తెగకుండా పైపైన గీసి, మిగిలిన పొరను తెంచి మళ్లీ మొదలుపెట్టండి.

ఇంజెక్షన్ కూడా ఆపరేషన్‌లో భాగమే. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకెయిన్ (మొద్దుబార్చే మందు) సరైన పొరలోకి ఎక్కితే మ్యూకోసా (ముక్కు లోపలి తడిపొర) తెల్లబడుతూ పోతుంది, ఫ్లాప్ కొంత అప్పుడే లేస్తుంది. ఆ తర్వాత పది నిమిషాలైనా ఆగాలి.

ఇక స్పర్. మృదులాస్థి మీది పెరికాండ్రియం, మాక్సిలరీ క్రెస్ట్ (గోడ అడుగున ఉండే ఎముక గట్టు) మీది పెరియాస్టియం (ఎముకను కప్పే పొర) ఒకే పొరగా సాగవు. సంధి దగ్గర నారలు అటూ ఇటూ అల్లుకుని గట్టిగా పట్టుకుంటాయి. పైనుంచి కిందికి ఒక్క ఊపున లేపబోతే తెగేది అక్కడే. పైన ఒక సొరంగం, నేల వెంబడి మరొకటి చేసి, మధ్య నారల్ని పదునుతోనే కోసి కలపాలి.

జవాబు (పీజీలకు నేర్పే డాక్టర్)
వరస విషయంలో నా మాట: ముందు ఓపీలో 4 మి.మీ., 0 డిగ్రీల ఎండోస్కోపీ బాగా అలవాటు కావాలి. తర్వాత ఇంజెక్షన్, చివరి కుట్లు. ఆపైన పుటాకార వైపు ఫ్లాప్, ఎందుకంటే అక్కడ పొర బిగుసుకుని ఉండదు. స్పర్ ఉన్న వైపు ఆ తర్వాతే. ఎముక తీయడం అన్నిటికంటే ఆఖర. పర్పెండిక్యులర్ ప్లేటును (గోడ పైభాగపు ఎముక) ఫోర్సెప్స్‌తో పట్టి మెలిపెడితే పగులు క్రిబ్రిఫార్మ్ ప్లేటు (ముక్కుకూ మెదడుకూ మధ్య పలుచని ఎముక) దాకా పాకి సీఎస్ఎఫ్ (మెదడు చుట్టూ ఉండే ద్రవం) కారవచ్చు. పైభాగాన్ని ముందు కత్తెరతో వేరుచేశాకే ముక్క తీయాలి. పైనా ముందూ కనీసం 1 సెం.మీ. మృదులాస్థి వదలాలి, లేకుంటే ముక్కు దూలం కుంగుతుంది.

మేక తల పనికొస్తుంది. మూతి చివర కొంచెం కోసేస్తే ఎండోస్కోప్ సులువుగా వెళ్తుంది. కొలతలు మనిషివి కావు, రక్తం రాదు. కానీ ఎలివేటర్ మొన మృదులాస్థిని వదలకుండా ఉంచడం చేతికి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు సర్. ఒకవైపు చిరిగితే?

జవాబు (సీనియర్ రెసిడెంట్)
రెండోవైపు నిండుగా ఉంటే సాధారణంగా మానుతుంది. రెండువైపులా ఎదురెదురుగా చిరిగితేనే రంధ్రం మిగులుతుంది. అలాంటప్పుడు తీసిన మృదులాస్థిలోంచి ఒక చదునైన ముక్క మధ్యలో పెట్టి, 4-0 విక్రిల్‌తో (కరిగిపోయే కుట్టు దారం) రెండు ఫ్లాప్‌లనూ కలిపి క్విల్టింగ్ కుట్లు (బొంత కుట్టినట్టు అటూ ఇటూ వేసేవి) వేయండి. హెమటోమా (గడ్డకట్టిన రక్తం) చేరడానికీ చోటుండదు.