సమస్య: "తేడ పది దినాలు తేది యొకటె"

నిర్వాహకుడు: ఏప్రిల్ 23 వస్తోంది. షేక్స్‌పియర్, లా మాంచా వీరుడు డాన్ కిహోతే కథ రాసిన స్పెయిను రచయిత సెర్వాంటిస్ 1616లో ఒకే రోజున పోయారని మళ్లీ ఊరంతా చాటింపు వేస్తారు. వాళ్ల కోసమే ఈ పాదం. "దినాలు" వ్యావహారికమని ఎవరూ మొదలెట్టకండి, తెలిసే పెట్టాను.

చాటుకారుడు:

ఇంగిలీషు వారి యేటి లెక్కయె వేరు,
పోపు దిద్ది నంత పొందె స్పెయిను;
ఇరువు రొక్క తేది నేగిరి, లెక్కింప
తేడ పది దినాలు తేది యొకటె.

గణపాఠి: రెండో పాదంలో "స్పె" ముందున్న "ందె" గురువైపోయింది. గణం గోవిందా. ఆ ఇరువురెవరో పద్యంలో లేదు, నిర్వాహకుల ముందుమాట చదివితే తప్ప తెలియదు.

చాటుకారుడు: స్పెయిను వేరే పదం, సమాసం కాదు. ఊది పలకనక్కర్లేదు. అయినా జూన్ 23 ప్లాసీ సమస్యకు తమరు "వచ్చె క్లైవు" అన్నప్పుడు ఆ "చ్చె" లఘువే కదండీ? అప్పుడు గోవిందుడు ఎక్కడికెళ్లాడు?

గణపాఠి: అది వేరు.

తిరగమోత: ఎలా వేరో చెబితే మేమూ నేర్చుకుంటాం. "స్పెయిను" దగ్గర నాకే అభ్యంతరమూ లేదు. నా అభ్యంతరం "ఏగిరి" మీద. సెర్వాంటిస్ పోయింది 22, శుక్రవారం. 23న మాడ్రిడ్‌లో త్రినిటేరియన్ల మఠంలో పూడ్చారు. షేక్స్‌పియర్ పోయిన 23 ఇంగ్లండులో అప్పటికింకా నడిచిన పాత (జూలియన్) కాలెండరు లెక్కది, పోపు దిద్దిన కొత్త (గ్రెగోరియన్) లెక్కలో మే 3. చావుకూ చావుకూ మధ్య పదకొండు రోజులు. మీ పద్యంలో సమస్య పూరింపబడలేదు, అబద్ధమైంది.

నిర్వాహకుడు: భలే పట్టారు. పోనీ ఖననానికీ ఖననానికీ లెక్కేద్దామంటే అదీ కుదరదు. షేక్స్‌పియర్‌ను స్ట్రాట్‌ఫర్డ్‌లో పూడ్చింది 25న. ఇక ఒకటే దారి ఉంది, ఎవరు దొరకబుచ్చుకుంటారో చూద్దాం.

గణపాఠి:

మాంచ వీరుఁ గన్న మాన్యునిఁ బూడ్చిరి,
నాటకాల రేడు నాడె కడచె;
మందవార మచట, మంగళమ్మిట నయ్యె,
తేడ పది దినాలు తేది యొకటె.

తిరగమోత: ఒకరి ఖననం, ఒకరి మరణం! అక్కడ పదికి పది. "మందవారం" మాత్రం బంగారం. రెంటికీ 23వ తేదీయే, ఒకచోట శనివారం, మరోచోట మంగళవారం. మూడో పాదం చదివాక ఇక కాలెండరు గురించి ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

చాటుకారుడు: బాగుంది, ఒప్పుకుంటున్నా. నేను "ఇరువురు" అంటే ఎవరో తెలియలేదట. "మాంచ వీరుఁ గన్న మాన్యుడు" అంటే మాత్రం సంతలో ఎవరినడిగినా చెబుతారు కాబోలు.

వంకాయపులుసు: ఎప్పుడూ ఆ ఇద్దరేనా?

న్యూట నుదయ మందె నోయి క్రిస్మసు నాడు,
రోమువారి పండుగ రోజులాయె;
పండు గొకటె రెండు పట్టణమ్ములయందు,
తేడ పది దినాలు తేది యొకటె.

గణపాఠి: "పండుగ"లో "గ" ఎక్కడికి పోవాలి? మూడు సూర్యగణాలయ్యాక ఒంటరిగా నిలబడింది. "రోమువారి కదియు రోజులాయె" అంటే సరిపోతుంది. మొదటి పాదంలో "ఓయి" యతి కోసం పిలిచిన చుట్టం. న్యూటన్ పుట్టిన వూల్‌స్తోర్ప్ లింకన్‌షైర్‌లో ఓ పల్లె, పట్టణం కాదు.

తిరగమోత: ఊహ మాత్రం ఈ దారంలో అన్నిటికన్నా మెరుగు. ఎవరి చావుతోనూ పని లేదు, పండుగే పది రోజులు ఎడంగా వస్తుంది. గెలీలియో పోయిన ఏడే న్యూటన్ పుట్టాడన్న ముచ్చటా దీంతో తేలిపోతుంది. గెలీలియో కొత్త లెక్కలో 1642 జనవరి 8న పోయాడు. అదే లెక్కలో న్యూటన్ పుట్టుక 1643 జనవరి 4.

వంకాయపులుసు: "గ" తీసేశాను. ఓయి ఉంటాడు.

చాటుకారుడు: ఇంకెవరైనా రాసేముందు ఒక మాట. పది రోజుల తేడా అన్నికాలాల్లో దొరకదు. 1582లో అక్టోబరు 4 మర్నాడే 15 అయింది, అక్కడి నుంచి 1700 ఫిబ్రవరి దాకానే పది. 1700 పాత లెక్కలో లీపు, కొత్తలో కాదు, అందుకే పదకొండైంది. ఇంగ్లండు 1752 సెప్టెంబరు 2 తర్వాత 14కు దూకింది అందుకే. రష్యా అక్టోబరు విప్లవం కథ పట్టుకొస్తే పదమూడు, పాదం ఒప్పుకోదు.

గణపాఠి: తేదీల మీద ఇంత పట్టున్నవారు 1858 ఏప్రిల్ 23 సమస్యకు సిపాయిల తిరుగుబాటు వీరుడు కున్వర్ సింగ్‌ను ఆరోజే స్వర్గానికి పంపారేం? ఆరోజు జగదీశ్‌పూర్‌లో గెలిచాడు. పోయింది 26న.

చాటుకారుడు: భౌతిక శాస్త్రవేత్త ప్లాంక్, సంఘ సంస్కర్త పండిత రమాబాయి అదేరోజు పుట్టారన్న పాదం మెచ్చుకున్నది తమరే.

గణపాఠి: పుట్టుకలు సరిగ్గానే ఉన్నాయి.

నిర్వాహకుడు: ఆ దారం మూసేశాను, ఇక్కడ తెరవకండి. రష్యా మాట వచ్చింది కనుక వచ్చే వారానికి: "రెండు తేదు లైన రేయి యొకటె". అక్టోబరు 25, నవంబరు 7 అని సూటిగా రాసేస్తే మార్కులుండవు.

వంకాయపులుసు: ఓయి పనికొస్తాడా?