ఆస్ట్రేలియాలో ఓటెయ్యకపోతే జరిమానా: సబబేనా?

కృష్ణాతీరం: ఓటు హక్కంటే వెయ్యకుండా ఊరుకునే హక్కు కూడా. ఆస్ట్రేలియా జాతీయ ఎన్నికల్లో ఓటెయ్యకపోతే 20 డాలర్ల జరిమానా. అభ్యర్థులెవరూ నచ్చలేదంటే కుదరదని అక్కడి హైకోర్టు (ఆ దేశానికదే అత్యున్నత కోర్టు) 1926లోనే తేల్చేసింది. ఇది బలవంతపు బ్రాహ్మణార్థం కాక మరేంటి?

గోదారిగట్టు: 1922లో పోలింగ్ 60 శాతం కూడా దాటలేదండీ. 1924లో చట్టం తెస్తే 1925లో 91 శాతం దాటింది. జరిమానా కూడా చెప్పినంత తేలిగ్గా పడదు. ముందు నోటీసొస్తుంది. జబ్బు చేసిందనో దేశంలో లేననో సరైన కారణం రాసి పంపితే వదిలేస్తారు. బూత్‌లో జాబితాలో పేరు కొట్టించుకుని, ఖాళీ బ్యాలెట్ మడిచి పెట్టెలో వేసొచ్చినా పట్టుకునేవాళ్ళు లేరు. పైగా పోలింగ్ ఎప్పుడూ శనివారమే, ముందస్తు ఓటూ పోస్టల్ ఓటూ ఉన్నాయి. రమ్మని చట్టం చేసినవాళ్ళు దారి కూడా వేశారు.

ఓరుగల్లు: అసలు తంటా జరిమానాతో కాదు, బ్యాలెట్‌తో. ప్రతినిధుల సభకి (మన లోక్‌సభ లాంటిది) ఎనిమిదిమంది నిలబడితే, బాగా నచ్చినవాళ్ళకి 1తో మొదలుపెట్టి ఇష్టం వరసలో 8 దాకా అన్ని గళ్ళలోనూ అంకెలెయ్యాలి. ఒకే అంకె రెండుసార్లు వేసినా, అంకెకి బదులు టిక్కు పెట్టినా ఓటు చెల్లదు. అదే రోజు ఇచ్చే సెనెట్ (ఎగువ సభ) కాగితంలో మాత్రం టిక్కుని 1 కింద లెక్కేస్తారు! అక్కడ కాగితం మధ్య గీతకి పైన పార్టీల గళ్ళు కనీసం ఆరు, లేదా కింద అభ్యర్థుల గళ్ళు పన్నెండు నింపమంటారు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ఎన్నికల్లోనైతే ఒక్క 1 చాలు. ఆ అలవాటుతో జాతీయ ఎన్నికలకొచ్చి దెబ్బతింటారు. 2022లో దేశమంతటా చెల్లని ఓట్లు సుమారు 5 శాతం. ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడనివాళ్ళు ఎక్కువున్న పశ్చిమ సిడ్నీలో కొన్నిచోట్ల 10 దాటాయి. బలవంతాన రప్పించి, వచ్చినవాడి ఓటు పారేస్తే ఏం లాభం?

ఇక పైనుంచి కిందకి వరసగా అంకెలేసి వెళ్ళిపోయే 'గాడిద ఓటు' సంగతి. 1937లో న్యూ సౌత్ వేల్స్ నుంచి సెనెట్‌కి లేబర్ పార్టీ నిలబెట్టిన నలుగురి పేర్లూ 'ఏ'తోనే మొదలు. అప్పట్లో బ్యాలెట్‌ మీద వరస అక్షరక్రమంలో ఉండేది. నలుగురూ గెలిచారు. ఇప్పుడు ఆ వరసకి లాటరీ తీస్తున్నారు లెండి.

గోదారిగట్టు: అది బ్యాలెట్ తప్పు, చట్టానిది కాదు. ప్రతినిధుల సభకి కూడా ఒక్క 1 చాలంటే సగం గొడవ తీరుతుంది.

కృష్ణాతీరం: న్యూజిలాండ్‌లా పేరు నమోదు మాత్రం తప్పనిసరి చేసి, ఓటు ఇష్టానికొదిలేస్తే?

ఓరుగల్లు: అక్కడ 2023లో 78 శాతం వేశారు. ఆస్ట్రేలియాలో బాగా తగ్గిందనుకున్న 2022లోనే దాదాపు 90. ఆ తేడాలో ఉండేది ఎక్కువగా కుర్రకారు, అద్దె ఇళ్ళవాళ్ళు. వాళ్ళని లెక్కలోంచి తీసేసి ఎన్నికల హామీలు రాసుకోవచ్చంటారా?