ఓర్లియాన్స్ వంశవృక్షం: ఒకే పేర్లు, దాయాదుల పోరు, 1883 తర్వాత గీత ఎటు?

తాటాకు_చుట్ట అడిగినది:

ఫ్రాన్స్ రాజు 14వ లూయీ తమ్ముడు ఫిలిప్ (1640–1701) దగ్గర మొదలుపెట్టి ఓర్లియాన్స్ డ్యూకుల వంశవృక్షాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తున్నాను. మూడు చోట్ల ముడి పడింది.

మొదటిది పేర్లు. ఫిలిప్, మళ్లీ ఫిలిప్, లూయీ, లూయీ ఫిలిప్, మళ్లీ లూయీ ఫిలిప్. "షార్త్ర్ డ్యూక్" అని కనిపిస్తే తండ్రో కొడుకో తాతో తెలియడం లేదు. 1660కి ముందు కూడా ఓర్లియాన్స్ డ్యూకులు ఉన్నారు. వాళ్లను పైన కలపాలా?

రెండోది అదే రాజవంశపు పక్కశాఖలైన కోందే, కోంతీ, మేన్ ఇళ్లతో సంబంధం. పిల్లనిచ్చి పుచ్చుకుంటూనే ఒకరి మీద ఒకరు కత్తులు నూరుకున్నారు. ఈ వైరానికి అసలు కారణం ఏమిటి?

మూడోది, 1883లో 10వ చార్లెస్ మనవడు షాంబోర్ కౌంట్ చనిపోయాక ఫ్రాన్స్ రాజవంశమైన బూర్బన్‌లలో పెద్ద శాఖ ఎవరిది? ఒక్కో పట్టికలో ఒక్కోలా ఉంది.

వంశలత:

ముందు 1660 దగ్గర అడ్డగీత గీసేయండి. ఓర్లియాన్స్ అన్నది ఇంటిపేరు కాదు. రాజు తన చిన్న కొడుక్కో తమ్ముడికో భుక్తి కోసం రాసిచ్చే జాగీరు పేరు. మగ సంతానం నిలవకపోతే ఆ జాగీరు మళ్లీ రాజు చేతికే వెళుతుంది, తర్వాత ఇంకొకరికి దక్కుతుంది. అలా ఆ పేరుతో నాలుగు వేర్వేరు ఇళ్లు నడిచాయి. 1344లో 6వ ఫిలిప్ కొడుకు ఫిలిప్‌కి ఇచ్చారు. 1392లో 6వ చార్లెస్ తమ్ముడు లూయీకి ఇచ్చారు. ఈయన మనవడు 12వ లూయీగా గద్దెక్కడంతో జాగీరు కిరీటంలో కలిసిపోయింది. 1626లో 13వ లూయీ తమ్ముడు గాస్తోన్‌కి వచ్చింది. ఆయన 1660లో కొడుకులు మిగలకుండా పోయాక మీ ఫిలిప్‌కి దక్కింది. గాస్తోన్ ఈ ఫిలిప్‌కి పినతండ్రే తప్ప తండ్రి కాదు. గాస్తోన్ కింద ఫిలిప్‌ని తగిలించడమే తరచూ జరిగే పొరపాటు.

తిన్నని వరస ఇది: ఫిలిప్ (1640–1701), పసిరాజు 15వ లూయీ తరఫున రాజ్యం చూసిన రీజెంట్ ఫిలిప్ (1674–1723), లూయీ (1703–1752), లూయీ ఫిలిప్ (1725–1785), ఫిలిప్ ఎగాలితేగా పేరుబడ్డ లూయీ ఫిలిప్ జోసెఫ్ (1747–1793), 1830లో రాజైన లూయీ ఫిలిప్ (1773–1850). 1725లో పుట్టిన డ్యూక్‌నీ 1773లో పుట్టిన రాజునీ ఇద్దరినీ "1వ లూయీ ఫిలిప్" అనే రాస్తారు, ఒకటి డ్యూకుల లెక్క, ఇంకొకటి రాజుల లెక్క. కాబట్టి అంకెలు నమ్మకండి. పేరు పక్కన పుట్టిన సంవత్సరం పెట్టండి, బిరుదుని పేరు గడిలో అసలు రాయకండి. ప్రతి బిరుదునీ తేదీతో కూడిన విడి ఘటనగా నమోదు చేయండి.

బిరుదులకు ఒక పద్ధతి ఉంది. ఇంటి పెద్ద ఓర్లియాన్స్ డ్యూక్, పెద్దకొడుకు షార్త్ర్ డ్యూక్. తాత బతికుండగా పుట్టిన మనవడికి వలువా, మోంపాన్సియే లాంటి మూడో బిరుదు. రాజైన లూయీ ఫిలిప్ పుట్టినప్పుడు వలువా డ్యూక్, 1785లో తాత పోయాక షార్త్ర్ డ్యూక్, 1793లో తండ్రి తల తెగాక ఓర్లియాన్స్ డ్యూక్. కనక 1778 ఉషాన్ నౌకాయుద్ధంలో కనిపించే షార్త్ర్ డ్యూక్ ఎగాలితే, 1792 జెమాప్ యుద్ధంలో కనిపించేది ఆయన కొడుకు. 1840 తర్వాత మాత్రం ఈ సూత్రం పనిచేయదు. ఆ ఏడు పుట్టిన షార్త్ర్ డ్యూక్ రోబెర్ చిన్నవాడు. అన్నకి 1838లోనే పారిస్ కౌంట్ అన్న కొత్త బిరుదు ఇచ్చారు.

కోటగుమ్మం:

మీ రెండో ప్రశ్నకి జవాబు ఒక్క లెక్కలో ఉంది: పసిరాజు పోతే తర్వాత ఎవరు?

1711 ఏప్రిల్‌లో 14వ లూయీ కొడుకు పోయాడు. 1712 ఫిబ్రవరి, మార్చి నెలల్లో మనవడి భార్య, మనవడు, వాళ్ల పెద్దకొడుకు వరసగా పోయారు. 1714 మేలో ఇంకో మనవడు బెరీ డ్యూక్ పోయాడు. ముసలి రాజు తర్వాత ఫ్రాన్స్‌లో మిగిలింది 1710లో పుట్టిన ముని మనవడు (తర్వాత 15వ లూయీ) ఒక్కడు. రక్తవరసలో ఆ పిల్లాడికి దగ్గరివాడు స్పెయిన్ రాజు 5వ ఫిలిప్, స్వయానా పినతండ్రి. కానీ స్పెయిన్ వారసత్వ యుద్ధం ముగించడానికి ఆయన 1712లో ఫ్రాన్స్ హక్కు వదులుకున్నాడు, 1713 ఉట్రెక్ట్ సంధి దానికి ముద్ర వేసింది. ఆ త్యాగపత్రం చెల్లితే తర్వాతివాడు ఓర్లియాన్స్ డ్యూక్. చెల్లకపోతే ఆయన వంతు స్పెయిన్ వాళ్లందరి తర్వాత. ఓర్లియాన్స్ శాఖ రాజకీయం మొత్తం ఈ ఒక్క కాగితం మీద నిలబడింది. మీ మూడో ప్రశ్నకి మూలం కూడా ఇదే.

మేన్ డ్యూక్ సంగతి. ఆయన, తులూజ్ కౌంట్ ఇద్దరూ 14వ లూయీకి మాదామ్ ద మోంతెస్పాన్ వల్ల పెళ్లికి బయట పుట్టి, తర్వాత చట్టబద్ధులైన కొడుకులు. 1714 జూలైలో రాజు వాళ్లకి గద్దె హక్కు కూడా ఇచ్చాడు. వీలునామాలో పసిరాజు పెంపకం, రాజాస్థాన సైన్యం మేన్ చేతిలో పెట్టాడు. 1715 సెప్టెంబర్ 1న రాజు పోతే, మర్నాడే ఓర్లియాన్స్ డ్యూక్ (రీజెంట్ ఫిలిప్) పారిస్ పార్లమెంటు చేత వీలునామాని పక్కన పెట్టించాడు. ఈ పార్లమెంటు శాసనసభ కాదు, ఉన్నత న్యాయస్థానం. బదులుగా రాజశాసనాల మీద అభ్యంతరం చెప్పే పాత హక్కుని దానికి తిరిగి ఇచ్చాడు. 1717లో గద్దె హక్కు పోయింది, 1718 ఆగస్టు 26న మేన్ మామూలు ప్రభువుల వరసకి దిగాడు. పసిరాజు పెంపకం కోందే ఇంటి బూర్బన్ డ్యూక్ చేతికి వెళ్లింది. మేన్ భార్య ఆ కోందే ఇంటి ఆడపడుచే, బూర్బన్ డ్యూక్‌కి మేనత్త. స్పెయిన్ రాయబారి చెల్లామారేతో కలిసి రీజెంట్‌ని దించాలని కుట్ర పన్నింది. 1718 డిసెంబర్‌లో అది బయటపడ్డాక ఆమెని దిజోన్ కోటలో పెట్టారు. ఆ ప్రాంతానికి గవర్నర్ ఆ మేనల్లుడే. అక్కడ చుట్టరికం అడ్డురాలేదు.

కోందే–ఓర్లియాన్స్ తగువు హోదా తగువు. రాజు కొడుకు, రాజు మనవడు, ఆ తర్వాతి తరం రక్తసంబంధ రాకుమారులు, ఇలా తరం దిగేకొద్దీ మెట్టు దిగుతుంది. రక్తసంబంధ రాకుమారుల్లో మొదటివాడన్న స్థానం, దాని పింఛనుతో సహా, చాలాకాలం కోందేలది. 1709లో ఆంరి జూల్ పోయాక అది ఓర్లియాన్స్ ఇంటికి మారింది. అది చాలదన్నట్టు రెండిళ్ల కోడళ్లూ అక్కాచెల్లెళ్లు, ఇద్దరూ మోంతెస్పాన్ కూతుళ్లే. 1710లో బెరీ డ్యూక్‌కి తన కూతుర్ని ఇవ్వాలని ఇద్దరూ పోటీపడ్డారు. ఓర్లియాన్స్ పిల్ల గెలిచింది.

1723 డిసెంబర్ 2న రీజెంట్ పోగానే బూర్బన్ డ్యూక్ ప్రధానమంత్రి అయ్యాడు. 15వ లూయీకి నిశ్చయమైన స్పెయిన్ రాకుమారికి అప్పటికి అయిదేళ్లు. ఆమె పెద్దదై బిడ్డని కనేలోగా రాజుకి ఏమైనా అయితే గద్దె ఓర్లియాన్స్‌కి పోతుంది. అందుకని 1725లో ఆ పిల్లని వెనక్కి పంపి, రాజుకన్నా దాదాపు ఏడేళ్లు పెద్దదైన మరీ లెష్చిన్‌స్కాని తెచ్చి సెప్టెంబర్‌లో పెళ్లి చేశాడు. స్పెయిన్ కసి కొద్దీ తన దగ్గరున్న రీజెంట్ కూతుళ్లిద్దరినీ తిప్పి పంపింది. 1729 సెప్టెంబర్ 4న యువరాజు పుట్టాడు, ఓర్లియాన్స్ ఆశ అక్కడితో చల్లారింది.

పాతదస్తావేజు:

రక్తంతోపాటు ఆస్తి దారిని కూడా గీయండి, లేకపోతే ఈ శాఖ బలం ఎక్కడిదో అర్థం కాదు.

1769లో ఎగాలితే పెళ్లాడింది పాంతియేవ్ర్ డ్యూక్ కూతుర్ని. ఆ డ్యూక్ తులూజ్ కౌంట్ కొడుకు. మేన్ కొడుకులకి చట్టబద్ధ సంతానం లేక వాళ్ల ఆస్తీ ఆయనకే చేరింది. ఆయన కొడుకు లాంబాల్ 1768లో చనిపోవడంతో మొత్తానికి కూతురొక్కతే వారసురాలు. ఏ మేన్ ఇంటిని రీజెంట్ కిందికి లాగాడో, ఆ ఇంటి సంపద ఆయన ముని మనవడి గడపలోకి వచ్చింది. ద్రూ పట్టణంలోని సమాధుల గుడి కూడా ఆ వైపునుంచి వచ్చిందే. 1783లో రాంబూయే ఎస్టేట్‌ని 16వ లూయీకి అమ్మాక పాంతియేవ్ర్ తనవాళ్ల భౌతికకాయాల్ని అక్కడికి తరలించాడు. ఓర్లియాన్స్ వాళ్ల సమాధుల కోసం వెతికేవాళ్లు ముందు చూడాల్సింది ద్రూ.

సాఫ్ట్‌వేర్‌లో మీకు ఇక్కడ చిక్కు వస్తుంది. రాజు లూయీ ఫిలిప్ నుంచి పైకి వెళితే 14వ లూయీ, మోంతెస్పాన్ జంట నాలుగు దారుల్లో తగులుతుంది. ఒకటి, రీజెంట్ భార్య ఫ్రాన్స్వాజ్ మరీ ద్వారా తిన్నగా. రెండు, ఎగాలితే తల్లి కోంతీ ఇంటి పిల్ల, ఆమె తల్లి కోందే ఇంటి పిల్ల, ఆ కోందే పిల్ల తల్లి మోంతెస్పాన్ ఇంకో కూతురు లూయీజ్ ఫ్రాన్స్వాజ్. మూడు, రాజు తల్లి ద్వారా తులూజ్ కౌంట్. నాలుగోది జనం వదిలేసేది: పాంతియేవ్ర్ డ్యూక్ భార్య మోదెనా రాకుమారి, ఆమె తల్లి షార్లొత్ అగ్లాయె రీజెంట్ కూతురే. కొత్త దారి వచ్చినప్పుడల్లా మనిషిని కొత్తగా సృష్టిస్తే ఒకే రీజెంట్ మీ ఫైల్లో ఇద్దరవుతాడు. ముందు పుట్టిన తేదీతో వెతికి, ఉన్న వ్యక్తికే ముడివేయండి.

కోందేలది కూడా అదే కథ. ఆ ఇంటి చివరి వారసుడు ఆంగియాన్ డ్యూక్‌ని 1804 మార్చి 21న వాన్‌సెన్‌లో కాల్చి చంపారు. ఆయన తండ్రి 1830 ఆగస్టులో సాన్-లూ భవనంలో కిటికీ గడియకు వేలాడుతూ కనిపించాడు. శాఖ అంతరించింది. షాంతియీ కోట సహా ఆస్తిలో ఎక్కువ భాగం లూయీ ఫిలిప్ కొడుకు ఓమాల్ డ్యూక్‌కి పోయింది. కోందే భార్య బాతిల్డ్ ఎగాలితే చెల్లెలు, బంధుత్వం ఆ వైపుది. ఓమాల్ షాంతియీని ఫ్రాన్స్ విద్వత్ సంస్థ ఆంస్తిత్యూకి ఇచ్చేశాడు.

తాటాకు_చుట్ట:

నాలుగు దారులూ సరిపోయాయి. రీజెంట్ నిజంగానే రెండుసార్లు ఎక్కి ఉన్నాడు, కలిపేశాను. 1830 నుంచి 1883 వరకు ఎవరైనా చెప్పండి.

గోదారిగట్టు:

1793 జనవరిలో ఎగాలితే 16వ లూయీ మరణానికి ఓటేశాడు. అదే ఏడు నవంబర్ 6న ఆయనా గిలొటిన్ ఎక్కాడు. ఆ ఓటుని పెద్ద శాఖ మనుషులు తరాలు గడిచినా మరవలేదు. రాజ్యం తిరిగొచ్చాక 18వ లూయీ ఆస్తి ఇచ్చాడు గానీ "రాయల్ హైనెస్" అన్న గౌరవం ఇవ్వలేదు, అది 1824లో 10వ చార్లెస్ చేతి మీదుగా వచ్చింది.

1830 ఆగస్టు 2న 10వ చార్లెస్, ఆయన కొడుకు ఇద్దరూ హక్కు వదులుకుని తొమ్మిదేళ్ల మనవడు ఆంరీని రాజు చేయమన్నారు. ఈయనే తర్వాత షాంబోర్ కౌంట్. పిల్లాడి తరఫున రాజ్యం చూస్తాడనుకున్న లూయీ ఫిలిప్ ఆగస్టు 9న తానే రాజయ్యాడు, అదీ "ఫ్రాన్స్ రాజు" కాదు, "ఫ్రెంచివారి రాజు". రెండో గాయం ఇది. పట్టికలో బిరుదు రాసేటప్పుడు ఈ తేడా పోనివ్వకండి.

1848లో ఆయనా గద్దె దిగాల్సి వచ్చింది. 1873 ఆగస్టు 5న లూయీ ఫిలిప్ మనవడు పారిస్ కౌంట్ ఆస్ట్రియాలోని ఫ్రోస్‌డోర్ఫ్‌కి వెళ్లి షాంబోర్‌ని ఇంటి పెద్దగా ఒప్పుకున్నాడు. రాజ్యం చేతికందేలా ఉన్న సమయంలో, అక్టోబర్ 27 నాటి ఉత్తరంలో షాంబోర్ బూర్బన్‌ల తెల్లజెండా వదలనని తేల్చేశాడు. మూడు రంగుల జెండా ఎగాలితే కాలానిది, 1830 కాలానిది. దాని కింద గద్దెక్కితే ఆ రెండింటినీ ఒప్పుకున్నట్టేనని ఆయన పట్టుదల. జెండా కోసం రాజ్యం వదిలాడని తేలిగ్గా కొట్టిపారేయడం నాకు సరికాదనిపిస్తుంది.

1883 ఆగస్టు 24న ఆయన పిల్లలు లేకుండా పోయాడు. గోరిత్సియాలో అంత్యక్రియలకి ముందువరస స్పెయిన్, పార్మా బూర్బన్‌లకి ఇవ్వాలని భార్య పట్టుబట్టడంతో పారిస్ కౌంట్ అక్కడికి వెళ్లలేదు. చీలిక ఆ రోజు అందరి కళ్లముందూ జరిగింది.

కోటగుమ్మం:

కాబట్టి మూడో ప్రశ్నకి: జననవరసలో పెద్ద శాఖ 5వ ఫిలిప్ సంతతి, ఇందులో వివాదం లేదు. ఓర్లియాన్స్ వాదం 1713 త్యాగం మీద, పరాయి దేశస్థులైపోయారన్న మాట మీద నడుస్తుంది. అవతలివాళ్లు ఫ్రాన్స్ గద్దె హక్కు ఎవరూ వదులుకోగలిగింది కాదంటారు.

వంశలత:

అందుకే ఒకే పట్టికలో రెండింటినీ ఇరికించకండి. రక్తానికి నిండుగీత, హక్కు వాదానికి చుక్కలగీత వేయండి. చుక్కలగీత షాంబోర్ నుంచి రెండుగా చీలాలి: ఒకటి పారిస్ కౌంట్ ఫిలిప్ (1838–1894)కి, ఇంకొకటి స్పెయిన్ శాఖలో మోంతిసోన్ కౌంట్ హువాన్ (1822–1887)కి. స్పెయిన్ వైపు 1936లో కార్లిస్టు వరస (స్పెయిన్ గద్దె తమదేనన్న హువాన్ శాఖ) ఆగిపోయి, చుక్కలగీత స్పెయిన్ మాజీ రాజు 13వ అల్ఫోన్సోకి దూకుతుంది.

ఓర్లియాన్స్ వైపు కూడా ఒక పక్కదూకుడు ఉంది. 1926లో పారిస్ కౌంట్ కొడుకు ఓర్లియాన్స్ డ్యూక్ ఫిలిప్ సంతానం లేకుండా పోయాక వరస షార్త్ర్ డ్యూక్ రోబెర్ కొడుకు గీజ్ డ్యూక్ జాన్ (1874–1940)కి వెళుతుంది. జాన్ పెళ్లాడింది ఆ ఫిలిప్ చెల్లెలు ఇసబెల్‌నే, కనక వాళ్ల కొడుకు ఆంరీ (1908–1999) దగ్గర రెండు గీతలూ మళ్లీ కలుస్తాయి.

చిహ్నాలు కూడా పెడుతుంటే, ఓర్లియాన్స్‌ది నీలం మీద మూడు బంగారు లిల్లీలు, పైన మూడు కొసల వెండి పట్టీ. ఆ పట్టీ చిన్న శాఖకి గుర్తు, అది లేనిది ఇంటి పెద్దది. ఆంజూ డ్యూక్ బిరుదునీ పట్టీ లేని చిహ్నాన్నీ స్పెయిన్ శాఖ వాడకూడదని వేసిన దావాని పారిస్ కోర్టు 1988 డిసెంబర్‌లో కొట్టేసింది. గద్దె హక్కు ఎవరిదో కోర్టు తేల్చలేదు. మీ పట్టికలో 1883కి ముందు ఓర్లియాన్స్ వాళ్లందరికీ పట్టీ ఉన్న చిహ్నమే పెట్టండి. ఒక్క రాజు లూయీ ఫిలిప్‌కి మాత్రం 1831 నుంచి లిల్లీలే ఉండవు, వాటి చోట 1830 రాజ్యాంగ పత్రం బొమ్మ ఉంటుంది.