2011 వ్యాగన్ఆర్‌కు 32 వేల రిపేరు: చేయించాలా, వదిలేయాలా?

ఖమ్మం వ్యాగన్:
అందరికీ నమస్కారం. మాది 2011 మోడల్ వ్యాగన్ఆర్, పెట్రోల్. 2017లో సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. ఇప్పటికి 1,12,000 కిలోమీటర్లు తిరిగింది. పోయిన ఆదివారం హైదరాబాద్ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక బానెట్ సందుల్లోంచి ఆవిరి లేచింది. ఆపి, నీళ్ళు పోసి, నెమ్మదిగా ఒక ఆరు కిలోమీటర్లు లాక్కొచ్చాను. ఇక లాభం లేదని టోయింగ్ బండి పిలిచాను. ఇప్పుడు షెడ్డులో ఉంది.

మెకానిక్ చెప్పిన లెక్క ఇది: హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైభాగమైన హెడ్ కింద ఉండే సీలు), హెడ్‌ను లేత్‌కు పంపి ఫేసింగ్ (చదును చేయించడం), రేడియేటర్, వాటర్ పంపు, టైమింగ్ చైన్ కిట్, క్లచ్ సెట్, లేబర్ అన్నీ కలిపి 32 వేలు. టైర్లు కూడా అరిగాయి, అదో 13 వేలు. బాగున్న రోజుల్లో ఈ బండికి లక్షా ముప్పై ఇస్తామన్నారు. ఇప్పుడు ఒకాయన నలభై వేలు అన్నాడు, అదీ మొహమాటానికే. వచ్చే జూన్‌కి 15 ఏళ్ళు నిండుతాయి. మా ఆవిడ అమ్మేయమంటోంది. నాకు మనసు రావట్లేదు. ఏం చేయమంటారు?

బేరగాడు:
వచ్చిన కాడికి ఇచ్చేయండి అన్నా. నేను పాత బండ్ల వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి చెప్తున్నా. ఇన్సూరెన్స్ వాళ్ళే రిపేరు ఖర్చు ఐడీవీలో (పాలసీలో బండికి కట్టిన విలువలో) 75 శాతం దాటితే టోటల్ లాస్ అని పక్కన పెడతారు. మీది టైర్లతో కలిపి 45 వేలు, బండి ధరేమో 40. ఇంక చర్చ ఎందుకు? పైగా షెడ్డులో 32 అన్నారంటే బిల్లు 50కి వచ్చి ఆగుతుంది.

లెక్కల మాస్టారు:
ఇన్సూరెన్స్ కంపెనీకి రేపు పొద్దున పిల్లల్ని బడి దగ్గర దింపే పని లేదు, మీకుంది. బండి ధరతో రిపేరు ఖర్చును పోల్చడమే తప్పు. దీని స్థానంలో ఇంకోటి తేవడానికి అయ్యే ఖర్చుతో పోల్చాలి. కాస్త నమ్మకమైన సెకండ్ హ్యాండ్ బండికి నాలుగు లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. 13 శాతం వడ్డీ, నాలుగేళ్ళు అంటే ఈఎంఐ నెలకు 10,700 పైనే. మీ 32 వేలు మూడు ఈఎంఐలు. రిపేరు చేసిన బండి ఏడాది నడిచినా మీకు గిట్టినట్టే.

టైర్లను ఈ లెక్కలో కలపకండి. అవి ఏ బండికైనా అరుగుతాయి.

ఇంకో సంగతి: 32 వేలు పెడితే నలభై వేల బండి మళ్ళీ లక్ష దాటుతుంది కదా. అమ్మాలనుకున్నా ముందు రిపేరు చేయించే అమ్మాలి. నలభైకి కొని ఆ పని తాను చేయించుకుని లాభం తీసుకునేది ఎవరో బేరగాడు గారే చెప్పాలి 🙂

బేరగాడు:
మాస్టారూ, నా పొట్ట మీద కొట్టకండి. కానీ ఆర్సీ ఏడాది లోపే ముగిసే బండికి లక్ష ఎవడిస్తాడు? పదిహేనేళ్ళు దాటితే గవర్నమెంటే పట్టుకుపోతుందని జనం భయం.

లెక్కల మాస్టారు:
ఆ భయం ఢిల్లీ నుంచి వచ్చింది. డీజిల్‌కు పదేళ్ళు, పెట్రోల్‌కు పదిహేనేళ్ళు అన్న గొడవంతా ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర పదిహేనేళ్ళు నిండాక బండి కండిషన్ చూపించి ఆర్సీని మరో ఐదేళ్ళకు రెన్యూవల్ చేయించుకోవచ్చు. కాకపోతే ఒకప్పుడు 600 ఉన్న ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్స్ దానికి అదనం. ఈ ఖర్చు మాత్రం లెక్కలో వేసుకోవాల్సిందే.

డాలస్ బాబాయ్:
రిపేరు ఖర్చు బండి ధరలో సగం దాటితే వదిలేయమని మా దగ్గర అందరూ అంటుంటారు. దాన్ని మీరు పట్టించుకోకండి. ఇక్కడ షెడ్డులో గంట లేబరే 150 డాలర్ల దాకా ఉంటుంది, హెడ్ గ్యాస్కెట్ అంటే సామాన్ల కంటే కూలీ ఎక్కువ. నా పాత కరోలాను అందుకే వదిలేశాను. ఖమ్మంలో ఇదే పనికి అందులో నాలుగో వంతు ఖర్చు కూడా కాదు. నేనైతే చేయిస్తాను.

ఇద్దరు పిల్లల నాన్న:
అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. ఈ 2011 బండిలో ఎయిర్‌బ్యాగులు ఉన్నాయా? ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) ఉందా? కింది మోడల్ అయితే రెండూ ఉండవు. కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ ఆ జూలై నుంచి తప్పనిసరి అయ్యాయి. హెడ్ మార్చినా, క్లచ్ మార్చినా అవైతే రావు. సూర్యాపేట రోడ్డు మీద లారీల మధ్య పిల్లల్ని కూర్చోబెట్టుకుని నడిపే బండికి 32 వేలు పోయడం నాకు మింగుడుపడదు. మాస్టారు గారి ఈఎంఐ లెక్కలో దీనికి ఎంత వేశారు?

లెక్కల మాస్టారు:
వేయలేదండీ. నిజమే.

విశాఖ ఉప్పుగాలి:
ఇంజన్ గురించి ఇంత మాట్లాడారు, బాడీ సంగతి ఒక్కరూ అడగలేదు. మా బీచ్ రోడ్డు వైపు బండ్లకు ఇంజన్ గడియారంలా ఉంటుంది, కింద రేకు అప్పడంలా విరుగుతుంది. నేను 2015లో ఒక ఆల్టోకు ఇంజన్ పని పూర్తిగా చేయించాను. ఎనిమిది నెలలు తిరక్కుండానే ముందు వైపు షాక్ అబ్జార్బర్ బిగించే చోట తుప్పు తినేసి చీలింది. పెట్టిన డబ్బంతా బూడిదలో పోసిన పన్నీరు. ఇంజన్‌ను ఎన్నిసార్లయినా బాగు చేయొచ్చు. ఆ చోట రేకు పోతే టింకరింగ్ చేయించినా నేను నమ్మను. ఖమ్మంలో సముద్రం లేదు గానీ, 2017కు ముందు బండి ఎక్కడ తిరిగిందో కనుక్కోండి. బండిని పైకి లేపించి రన్నింగ్ బోర్డుల (తలుపుల కింది రేకు) కింద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి.

షెడ్డు మేస్త్రి:
నేను ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. తమ్ముడూ, ఆవిరి లేచాక ఆరు కిలోమీటర్లు నడిపావే, నాకు భయం ఆ ముక్క దగ్గరే. అది అల్యూమినియం ఇంజన్, వేడెక్కితే హెడ్ వంగుతుంది. వంగినంత వరకు పర్వాలేదు, లేత్ మీద ఫేసింగ్ చేస్తారు. బోర్‌లో (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ మీద) గీతలు పడితే మాత్రం 32 వేల మాట మర్చిపో.

అందుకని చేయించాలా వద్దా అని ఇప్పుడే తేల్చుకోకు. ముందు డిప్‌స్టిక్ తీసి చూడు. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు లోపలికి పోయాయి, బేరింగుల మీద కూడా అనుమానపడాలి. తర్వాత మెకానిక్‌తో ఒక మాట ఖాయం చేసుకో: హెడ్ విప్పేంతవరకే ఇప్పుడు ఒప్పందం. ఆ కూలీ వేరుగా ఇస్తానని చెప్పు, మూడు నాలుగు వేలు అవుతుంది. బోర్ బాగుంటే ముందుకు, లేకపోతే అక్కడే ఆపి తుక్కు ధరకు ఇచ్చేయి. విప్పేటప్పుడు నువ్వు ఎదురుగా ఉండు. విప్పకుండా మొత్తం లెక్క చెప్పినవాడు అంచనా చెప్పినట్టే, అది నేనైనా సరే.

ఎయిర్‌బ్యాగుల సంగతికి నా దగ్గర పానా లేదు.

ఖమ్మం వ్యాగన్:
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. నిన్న నా ఎదురుగానే హెడ్ విప్పారు. ఆయిల్ మామూలుగానే ఉంది. బోర్‌లో గీతల్లేవు, టార్చి వేసి నాలుగుసార్లు చూశాను (ఏం చూడాలో తెలియకపోయినా). హెడ్ వంగింది, లేత్‌కు పంపారు. రేడియేటర్ అడుగున సగం గొట్టాలు మట్టితో పూడుకుపోయాయి. అసలు కారణం అదేనట. ఉప్పుగాలి గారు చెప్పినట్టు పొడిచి చూస్తే ఎడమ రన్నింగ్ బోర్డులో ఒక చోట స్క్రూడ్రైవర్ దిగింది, అరచేయంత మేర. షాక్ అబ్జార్బర్ల దగ్గర గట్టిగానే ఉంది.

రిపేరుకు ఒప్పుకున్నాను. కానీ పిల్లల నాన్న గారి మాట రెండు రాత్రులు నిద్ర పోనివ్వలేదు. హైదరాబాద్‌కు ఇక బస్సులోనే. ఈ బండి ఊళ్ళోకి మాత్రమే. నెలకు ఆరు వేలు పక్కన పెట్టి, 2019 తర్వాతి బండి చూస్తానని ఇంట్లో మాటిచ్చాను.

ఇద్దరు పిల్లల నాన్న:
ఊళ్ళో గుద్దుకోవా? సర్లెండి, మీ ఇష్టం. వెనక సీటు బెల్టులు మాత్రం పని చేస్తున్నాయో లేదో చూడండి, మన దగ్గర అవి సీటు కిందే ఉండిపోతాయి.

ఖమ్మం వ్యాగన్:
చూశాను. ఒకటి నిజంగానే సీటు కింద ఉంది.

మేస్త్రి గారూ, ఒక్క ప్రశ్న. క్లచ్ ఇప్పుడు ఆపితే ఏడు వేలు మిగులుతాయి. చైన్ కిట్ కూడా ఆపొచ్చా?

షెడ్డు మేస్త్రి:
చైన్ ఆపకు. హెడ్ కోసం దాన్ని ఎలాగూ విప్పారు, తర్వాత మార్చాలంటే ఆ కూలీ మళ్ళీ మొదటి నుంచి. క్లచ్‌కు గేర్‌బాక్స్ దించాలి, అది వేరే పని. జారకపోతే ఆపుకోవచ్చు. ఇంతకీ రేడియేటర్‌లో ఇన్నాళ్ళూ ఏం పోశావు?

ఖమ్మం వ్యాగన్:
బోరు నీళ్ళు.

షెడ్డు మేస్త్రి:
అనుకున్నా.